పచ్చదనం లెక్కలో పండు ఏదీ?

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ నడుస్తున్నప్పుడు చందానగర్‌లో చాయ్ బండి దగ్గర కూడా అదే ముచ్చట. జింకల వీడియోలు, నెమళ్ళ అరుపులు, నక్షత్ర తాబేళ్ళ ఫోటోలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు తిరిగాయి. సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు పోలీసు వ్యాన్లెక్కారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని ఏప్రిల్ 3న పనులు ఆపించింది. మంచిదే. కానీ ఆ నెల రోజులూ ఒక జీవి పేరు మాత్రం నాకు ఎవరి నోటా వినబడలేదు. అది గబ్బిలం.

వినబడకపోవడంలో వింతేం లేదు. జింక అందంగా ఉంటది, నెమలి జాతీయ పక్షి. గబ్బిలం ఫోటో పెడితే ఎవరు షేర్ చేస్తారు? ఇంట్లోకొస్తే అపశకునం అంటాం, రోగం తెస్తదంటాం, పాడుబడ్డ కొంపలో ఉంటది కాబట్టి దాన్ని చూస్తే కొంప పాడైనట్టేనని లెక్కేస్తాం. అయితే ఆ 400 ఎకరాల చర్చలో జింక కంటే గబ్బిలమే చందానగర్ మనిషికి దగ్గర. జింక క్యాంపస్ గోడ దాటి మియాపూర్ రాలేదు. గబ్బిలం మాత్రం పొద్దుగూకగానే బయలుదేరి పది పదిహేను నిమిషాల్లో మన కాలనీ మీదుంటది. అది కంచలో పండుతిని మన బాదం చెట్టు కిందికి రావచ్చు, మన నరమామిడి పండు తిని గింజ కంచలో వదలొచ్చు. దానికి సర్వే నంబర్ లేదు, మున్సిపాలిటీ హద్దు లేదు. కంచ అంటేనే మేతభూమి. పగలు పశువులకు మేత, రాత్రి వీటికి మేత.

గబ్బిలం అంటే ఒకటే రకం అని చాలామంది అనుకుంటారు. మన దేశంలోనే 130 దాకా రకాలున్నాయి, ప్రపంచంలో 1,400 పైన. ఇన్ని రకాలెందుకంటే ఒక్కోదానికి ఒక్కో ఇల్లు, ఒక్కో తిండి. ఈ రెండూ ఒకదానికొకటి అందే దూరంలో ఉండాలి. ఇల్లుండి తిండి లేకపోయినా పోతుంది, తిండుండి ఇల్లు లేకపోయినా పోతుంది. మనకూ అంతే కదా. అడ్డా మీద పనుందని వలస వచ్చినవాడికి అద్దెకు గది దొరక్కపోతే ఎన్నాళ్ళుంటాడు?

మన చుట్టూ ఉండేవాటిని తీసుకుందాం. రెక్కలు చాపితే మీటరు పైనే ఉండే పెద్ద గబ్బిలం, నక్కమూతిది, ఎత్తయిన చెట్ల కొమ్మలకు పట్టపగలు అందరికీ కనబడేట్టే వేలాడుతుంది. ఒక్కో చెట్టుకు పదులు, వందలు. దానికి రావి, మర్రి, జువ్వి, మేడి పండ్లు కావాలి, ఎండాకాలం మామిడి, వేపపండు, నేరేడు కావాలి, అడవిలో అయితే ఇప్పపువ్వు కావాలి. ఏడాదికి ఒక్కటే పిల్ల. ఒక గుంపు పోయిందంటే మళ్ళీ కూడడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

అరచేతిలో పట్టేంత పొట్టిముక్కు పండ్ల గబ్బిలం వేరు. మగది తాటాకునో, నరమామిడి కొమ్మల మధ్యనో కొరికి కొరికి గుడిసెలాగా ఒంచుకుని ఆడవాటిని పిలుచుకుంటది. బాదంకాయ, జామ, సింగపూర్ చెర్రీ, మనం అశోక చెట్టని పిలిచే ఆ నరమామిడి పండు, ఏది దొరికితే అది తింటది. పొద్దున్నే బాదం చెట్టు కింద చప్పరించి పడేసిన కాయలు, పిప్పి కనబడితే అది దాని పనే. మూడో రకం పండ్ల గబ్బిలం గుహల్లో, పాత కోటల్లో, పాడుబడ్డ బావుల్లో చీకట్లో ఉంటుంది. పండు ఎంత దగ్గరున్నా చీకటి లేకపోతే దానికి ఇల్లు లేదు.

ఇక పురుగులు తినేవి. బొటనవేలంత చిన్నవి అపార్ట్‌మెంట్ గోడ పగుల్లో, ఏసీ వెనక సందులో కూడా కాపురం పెడతాయి. వీధిలైటు చుట్టూ తిరిగే పురుగుల్ని గబగబా పట్టుకు తింటాయి. ఆకుముక్కు గబ్బిలాలు అట్లా కాదు. అవి నెమ్మదిగా, చెట్ల మధ్య, పొదల మీదుగా ఎగురుతూ వేటాడతాయి. లైటంటే చాలావాటికి పడదు. వెలుతురులో గుడ్లగూబకు దొరికిపోతామని భయం. పెద్దపెద్ద చెవులుండే ఇంకో రకం కప్పల్ని, ఎలుకల్ని, బల్లుల్ని కూడా పట్టి తింటుంది. దానికి పాత మిద్దెలు, పూడిపోని దిగుడుబావులు కావాలి.

ఇంత చెప్పడం ఎందుకంటే, "మా వీధిలో గబ్బిలాలు బాగానే తిరుగుతున్నయి కదా" అనే మాట తరచూ వింటాం. తిరుగుతాయి. ఊరు సిటీ అయినప్పుడు గబ్బిలాల సంఖ్య తగ్గకపోవచ్చు, రకాలు తగ్గుతాయి. గోడ సందులో బతకగలిగేది, లైటు కింద తినగలిగేది పెరుగుతుంది. రాతి చీకటి కావాల్సింది, పొద కావాల్సింది, వందేళ్ళ మర్రి కావాల్సింది చప్పుడు కాకుండా పోతుంది. పైకి చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. సైబర్ టవర్స్ 1998లో తెరిచిన దగ్గర్నుంచి ఈ వైపు జరిగింది ఇదే. మనుషుల సంగతి కూడా ఇంతే. జనాభా పెరిగింది కాబట్టి ఇక్కడి పాత ఊర్లవాళ్ళందరూ బాగున్నారని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా?

చందానగర్‌లో చెట్లు లేవని నేను అనను. ఉన్నాయి. ఏ చెట్లు అన్నదే ప్రశ్న. డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ గేట్ల ముందు రాయల్ పామ్‌లు, కత్తిరించిన పొదలు, వరసగా కోనోకార్పస్. హరితహారంలో విపరీతంగా నాటిన ఈ కోనోకార్పస్‌ను ఇక నాటొద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. తొందరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, పశువు మేయదు. పశువు మేయదన్నది దాని గొప్పగా చెప్పారు. ఏ జీవికీ తిండి పెట్టని చెట్టును వెతికి వెతికి తెచ్చి నాటి దానికి పచ్చదనం అని పేరు పెట్టామన్నమాట. గబ్బిలం లెక్కలో అది కరెంటు స్తంభంతో సమానం. స్తంభమే నయం, దాని లైటు దగ్గర పురుగులైనా వస్తాయి.

దీనికి ఎదురు చూపించదగ్గ చెట్టు మర్రి. రావి, మేడి, జువ్వి దాని కుటుంబమే. వీటి గొప్పతనం ఏంటంటే అన్ని చెట్లూ ఒకేసారి కాయవు. మామిడి అంటే ఎండాకాలమే, నేరేడు అంటే వాన ముందే. మర్రి అట్లా కాదు, ఈ చెట్టు ఈ నెల కాస్తే ఆ మలుపులో చెట్టు ఇంకో రెండు నెలలకు కాస్తుంది. అందుకని పది పదిహేను మర్రిచెట్లు ఒక చుట్టుపక్కల ఉంటే ఏడాది పొడుగునా ఏదో ఒకచోట పండుంటుంది. మిగతా పండ్లేవీ లేని నెలల్లో పక్షుల్ని, గబ్బిలాల్ని బతికించేది అదే. ఒక్క మర్రి ఉంచి మిగతావి కొట్టేస్తే ఈ ఏర్పాటు కూలిపోతుంది. ఆ ఒక్కటి కాయని నెలల్లో ఏం తినాలి?

చేవెళ్ళ మర్రిచెట్ల పోరాటం ఇందుకే నాకు పెద్ద విషయంగా అనిపించింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు పొడుగునా దాదాపు 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలన్నప్పుడు కొందరు గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళారు, ఏళ్ళ తరబడి కేసు నడిపారు. పేపర్లలో అంతా నీడ గురించి, అందం గురించి, నిజాం కాలం గురించి రాశారు. అవన్నీ నిజమే. కానీ 900 మర్రిచెట్లు వరసగా ఉండటమంటే రాత్రిపూట ఎప్పుడూ మూతపడని అన్నసత్రం. "వేళ్ళతో పీకి ఇంకోచోట నాటుతాం" అనేవాళ్ళకు ఒకటే అడగాలి. కొమ్మలన్నీ నరికి, మొండెం తీసుకెళ్ళి పాతిన మర్రి బతికిందే అనుకుందాం. మళ్ళీ అంత కాయ కాయడానికి ఎన్నేళ్ళు? ఆ మధ్య ఏళ్ళలో ఎవరు పెడతారు బువ్వ?

మా పక్క కాలనీలో ఒక పెద్ద బాదం చెట్టుండేది. పోయినేడాది కొట్టేశారు. ఎందుకన్నా అని వాచ్‌మన్ని అడిగితే, "గబ్బిలాలు కార్ల మీద ఖరాబు చేస్తున్నయని సార్లు కొట్టిపిచ్చిన్రన్నా, నాకైతే ఎండకు కూసునే జాగ పోయింది" అన్నాడు. నారాయణఖేడ్ దిక్కునుంచి వచ్చినాయన. ఆ జాగలో ఇప్పుడు రెండు కార్లు ఎక్కువ పడుతున్నాయి.

చెరువుల సంగతి. గబ్బిలం నీళ్ళు తాగేది ఎగురుతూనే, నీటి మీదకు వాలి ఒక్క గుక్క చప్పరించి పోతుంది. దానికి తెరిపిగా ఉన్న నీటిమట్టం కావాలి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు దానికి ఎండిన చెరువే. గంగారం చెరువు కావచ్చు, ఇంకో కుంట కావచ్చు, సుందరీకరణ అనగానే చుట్టూ కాంక్రీటు కట్ట, వాకింగ్ ట్రాక్, కట్ట పొడుగునా తెల్లటి లైట్లు. డెక్క తీశారు, సంతోషం. కానీ అన్ని దిక్కులా లైట్లు పెడితే వెలుతురుకు భయపడే రకాలు నీళ్ళ దగ్గరికి రావు. పక్కనే అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. సిటీ అంచున ఉన్న చెరువుకు అట్లాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. అక్కడికి వారం వారం పెద్ద కెమెరాలు వస్తాయి, పక్షుల జాబితాలు తయారవుతాయి. పొద్దు వాలగానే కెమెరాలు సర్దుకుని అందరూ ఇంటికి పోతారు. చెరువుకు రెండో షిఫ్టు మొదలయ్యేది అప్పుడే, దాన్ని లెక్క రాసేవాడు తక్కువ.

రాళ్ళు మరీ అన్యాయం. హైదరాబాద్ గుట్టలు 250 కోట్ల ఏళ్ళ నాటివని అంటారు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండల మధ్య సందులు, చీకటి గదుల్లాంటి నెర్రెలు, ఇవే రాతిలో ఉండే గబ్బిలాల ఇళ్ళు. గోల్కొండ కోట చీకటి గదుల్లోకి వెళ్ళినవాళ్ళందరికీ ఆ వాసన తెలుసు. అక్కడ పురావస్తు శాఖ ఉంది కాబట్టి గోడ మిగిలింది, గోడ మిగిలింది కాబట్టి గబ్బిలం మిగిలింది. ఖాజాగూడ నుంచి నల్లగండ్ల దాకా పేల్చిన గుట్టలకు ఆ రక్షణ లేదు. రాళ్ళను కాపాడాలని 1996 నుంచి ఒక సొసైటీ పనిచేస్తోంది, వాళ్ళు లేకపోతే ఇంకా ఎక్కువ పోయేవి. అయినా చెట్టు కొడితే ఫైన్ వేసే చట్టముంది, బండను పేలిస్తే అందులో ఎవరున్నారని అడిగే చట్టం లేదు.

బండ పేలిస్తే ఏమవుతుందో చూడాలంటే కోలారు పోవాలి. తెలుగు మాట్లాడే జనం బాగా ఉన్న జిల్లా అది. అక్కడ హనుమనహళ్ళి గుట్టలో ఒక గుహ ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం అనే రకం ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క చోటే మిగిలింది, అదీ 200 లోపు. 1994లో దాన్ని కొత్త రకంగా గుర్తించినప్పుడు పక్కన తేరహళ్ళిలో కూడా ఉండేది. ఇప్పుడు అక్కడ లేదు. గ్రానైట్ తవ్వకాలు గుట్టల్ని తినేశాయి. దాని మీద ఎక్కువ పనిచేసింది మన ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు బృందం. 2016లో అంతర్జాతీయ రెడ్ లిస్టులో అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా చేరింది. ఒక జాతి మొత్తం ఒక గుహలో ఉంది, ఆ గుహ కింద గ్రానైట్ ఉంది, ఆ గ్రానైట్‌కు ధర ఉంది. మన కిచెన్ ప్లాట్‌ఫారాలు, ఐటీ టవర్ల మెట్లు ఎక్కడి గుట్టల నుంచి వస్తున్నాయో ఎవరం అడగం.

ఈ కథ ఆదివాసులకు చెప్పనక్కర్లేదు, వాళ్ళకు బాగా తెలిసిందే. అనంతగిరి మండలం బొర్రాలో సున్నపురాయి గుహలున్నాయి. లోపలికెళ్ళి వచ్చిన టూరిస్టు ఎవరినైనా అడగండి, గబ్బిలాల గురించి చెప్తాడు. ఆ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళల్లో కాల్సైట్ తవ్వడానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. అక్కడి ఆదివాసుల తరఫున సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. సమత తీర్పు అని ఈరోజుకూ మనం చెప్పుకునేది ఇదే. ఆ తీర్పులో గబ్బిలం ప్రస్తావన వెతకనక్కర్లేదు. భూమి హక్కు కోసం వేసిన కేసు గుట్టను నిలబెట్టింది, గుట్టలో ఉన్నవాళ్ళందరూ నిలబడ్డారు. వన్యప్రాణుల పేరుతో మనుషుల్ని ఖాళీ చేయించేవాళ్ళు ఈ కేసును ఒకసారి తిరగేయాలి.

ఇక ఇప్పచెట్టు. ఆదిలాబాద్ గోండులకు, కొలాములకు, గోదావరి ఒడ్డున కోయలకు మార్చి, ఏప్రిల్ నెలలంటే ఇప్పపువ్వు. తెల్లారక ముందే ఆడవాళ్ళు, పిల్లలు చెట్టు కిందికి చేరతారు, రాత్రంతా రాలిన పువ్వును ఏరుతారు. రాత్రి ఆ చెట్టు మీద ఏం జరిగిందో వాళ్ళకు తెలుసు. పువ్వులోని తీపి రెక్క కోసం గబ్బిలాలు కొమ్మ కొమ్మకు తిరుగుతాయి, ఆ తిరుగుడులో ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు చేరుతుంది. తర్వాత కాయ పండినప్పుడు దాన్ని ఎత్తుకెళ్ళి, గుజ్జు తిని, గింజను దూరంగా పడేస్తాయి. తల్లి చెట్టు నీడలోనే గింజలన్నీ పడితే మొలకలు ఎదగవు. కాబట్టి పువ్వు అమ్మి ఉప్పూ పప్పూ కొనుక్కునే ఇంటికి, గింజ ఆడించి నూనె తీసుకునే ఇంటికి గబ్బిలం కూలి అడగని పాలేరు. గబ్బిలాల మీద దశాబ్దాలు పనిచేసిన మదురై కామరాజ్ యూనివర్సిటీ వాళ్ళు ఇప్పపువ్వు మీద వాటి తిరుగుళ్ళను రాత్రులు మేల్కొని గమనించారు. మనోళ్ళు తరతరాలుగా చూస్తున్నదే.

మరి ఆ ఇప్పచెట్లున్న చోట ఏం నాటారు? జామాయిలు, సుబాబుల్, టేకు. కాగితం గుజ్జు కోసం భద్రాచలం క్లోన్లని పేరుపడ్డ జామాయిలు మొక్కలు వేలాది ఎకరాల్లో నిలబడ్డాయి. తమాషా ఏంటంటే ఆస్ట్రేలియాలో ఆ జాతి చెట్ల పూలే అక్కడి పెద్ద గబ్బిలాలకు అసలు తిండి. ఇక్కడ మాత్రం నాలుగైదేళ్ళకే నరికి లారీకెక్కిస్తారు, అది పెద్ద చెట్టై విరగబూసేదాకా ఆగేది ఎవరు? అడవి సర్వే లెక్క కూడా దీనికి తగ్గట్టే ఉంది. ఒక హెక్టారు పైన జాగా ఉండి, అందులో పది శాతం కంటే ఎక్కువ చెట్ల నీడ పడితే చాలు, అది తోటైనా, ప్లాంటేషన్ అయినా, ఎవరిదైనా, అడవి విస్తీర్ణంలో కలుపుతారు. ఉపగ్రహానికి జామాయిలూ పచ్చనే, ఇప్పా పచ్చనే. ఎక్కడో గుట్ట మీద అడవి కొట్టేసి, దానికి బదులు ఇంకెక్కడో మొక్కలు నాటి సరిపెట్టే డబ్బుకు 2016లో ఏకంగా చట్టమే చేశారు. ఆ మొక్కలు చాలాచోట్ల నాటింది ఆదివాసుల పోడు భూముల్లో. జొన్నచేను, ఇప్పచెట్టు, గబ్బిలం, మూడూ ఒకే కందకంలో పూడిపోయాయి.

చందానగర్ డివైడర్ మీది కోనోకార్పస్, ఏజెన్సీలో జామాయిలు ఒకే బుర్రలోంచి పుట్టాయని నా అభిప్రాయం. చెట్టును రంగుతో కొలవడం, చెట్టు ఎవరికి తిండి పెడుతుందో అడగకపోవడం. అందుకే సిటీలో పర్యావరణం మాట్లాడేవాళ్ళు, ఏజెన్సీలో హక్కులు మాట్లాడేవాళ్ళు వేరువేరు మీటింగుల్లో కూర్చోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకు వస్తా. "అయితే నిపా సంగతేంది? కరోనా సంగతేంది?" భయం అబద్ధం కాదు. 2018లో కోజికోడ్‌లో నిపా వచ్చింది, దాన్ని మోసేది పెద్ద గబ్బిలమేనని తేలింది. గబ్బిలం కొరికిన పండు తినొద్దు, మూత లేని కల్లు లొట్టిలో అది మూతి పెట్టే వీలుంది కాబట్టి జాగ్రత్త పడాలి, చచ్చిపడ్డ గబ్బిలాన్ని ఉత్త చేతులతో ముట్టొద్దు. ఇవి చెప్పాల్సిందే. 2020లో భారత వైద్య పరిశోధన మండలి కొన్ని రాష్ట్రాల గబ్బిలాల్ని పరీక్షించింది. కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్‌లో ఒక రకం కరోనా వైరస్ కనబడింది, మనుషులకు వచ్చిన కోవిడ్ వైరస్ కాదది. తెలంగాణ నమూనాల్లో అదీ కనబడలేదు. ఆ వివరం చదవకుండానే చాలాచోట్ల జనం పొగబెట్టారు, కొమ్మలు కొట్టారు.

కొమ్మలు కొడితే రోగం తగ్గుతుందా? ఆస్ట్రేలియాలో దీనికి గట్టి జవాబే దొరికింది. అక్కడ హెండ్రా అనే వైరస్ గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు వస్తుంది. పెగీ ఈబీ, రైనా ప్లోరైట్ అనే పరిశోధకుల బృందం 25 ఏళ్ళ లెక్కలు ముందేసుకుని 2022లో నేచర్ పత్రికలో రాసింది. చలికాలంలో పూసే అడవుల్ని నరికేశాక, కరువు ఏడాది వచ్చినప్పుడు గబ్బిలాలకు తిండి లేక పెద్ద గుంపులు విడిపోయి చిన్నచిన్న గుంపులుగా ఊళ్ళల్లో, గుర్రాల కొట్టాల పక్క చెట్లకు చేరాయి. ఆకలితో ఉన్నప్పుడే వాటి ఒంట్లోంచి వైరస్ ఎక్కువ బయటపడింది. రోగం దాటింది అప్పుడే. మిగిలిన కాస్త అడవి బాగా పూసిన చలికాలాల్లో గబ్బిలాలు అటు వెళ్ళిపోయాయి, రోగం దాటలేదు. అంటే గబ్బిలం ఉండటం ఒక్కటే ప్రమాదం కాదు, ఆకలితో మన గుమ్మానికి రావడం ప్రమాదం. దాన్ని గుమ్మానికి తరిమింది గొడ్డలి.

అడవిలో గబ్బిలాన్ని కొట్టి తినేవాళ్ళు, దాని నూనె కీళ్ళనొప్పులకు రాసేవాళ్ళు మనలో లేరా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నారు. ఆ నూనెతో నొప్పులు పోవు, ఆ వేట మానుకోవాలి, ఇంత మెల్లగా పిల్లల్ని కనే జీవి వేటకు తట్టుకోలేదు. అయితే ఉండేలుతో రెండు గబ్బిలాల్ని కొట్టినవాడి మీద కేసు పెట్టి, గుట్టను పేల్చినవాడికి లీజు ఇచ్చే న్యాయాన్ని మాత్రం మింగుడు పడదు. చట్టమే మొన్నటిదాకా ఎట్లా ఉందో చూడండి. 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాల్ని కాకులు, ఎలుకలతో కలిపి చీడల జాబితాలో పెట్టారు. తోటల్లో పండ్లు తింటాయని. ద్రాక్షతోటల కాలంలో హైదరాబాద్ శివార్ల రైతులకు వాటితో నష్టం జరిగేది నిజమే, వలలు కప్పుకునేవాళ్ళు. కానీ చీడ అన్నాక ఎవరైనా ఎంతైనా చంపొచ్చు. యాభై ఏళ్ళ తర్వాత 2022 సవరణతో ఆ జాబితా పోయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైంది, పెద్ద గబ్బిలం రక్షిత జంతువుల రెండో షెడ్యూల్లోకి ఎక్కింది. చీడ అని ముద్రేసి చంపడం, దొంగ జాతి అని ముద్రేసి కొట్టడం, రెండిటికీ కాయితం ఒకే రకంగా పనిచేస్తుంది. 1941లో జాషువా తన కావ్యానికి గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఊరికే కాదు. గుడి లోపలికి రానివ్వని మనిషి కబురును గుడి లోపల వేలాడే జీవి మోసుకుపోవాలి.

పురుగులు తినే గబ్బిలాల వల్ల రైతుకు ఏం లాభమో ఇంకో రోజు వివరంగా రాస్తా. థాయిలాండ్‌లో వరిచేల మీద గబ్బిలాలు సుడిదోమను తింటున్నాయని తేల్చారు. మన వరి రైతు ఆ దోమ మందుకు ఎంత పోస్తున్నాడో మీకు తెలుసు.

మరి ఏం చేయాలి? ఏజెన్సీలో దారి కొత్తగా వెతకనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే, పెంచుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ఆ పట్టాలు కాగితం మీద కాకుండా చేతికి రావాలి, ప్లాంటేషన్లో ఏ మొక్క నాటాలో గ్రామసభ చెప్పాలి. ఏ ఊళ్ళో అడిగినా టేకు కంటే ముందు ఇప్ప, తునికి, మోర్రి పేర్లే చెప్తారు. సిటీలో అయితే కాలనీ సంఘాలు, మున్సిపాలిటీ. కాయలు రాలుతున్నాయని చెట్టు కొట్టేముందు కారుకు కవర్ కొనుక్కోమని చెప్పాలి. చెరువు కట్టకు ఒక దిక్కన్నా లైట్లు లేకుండా వదలాలి, ఉన్నవాటిని కిందికి తిప్పి పసుపు రంగువి పెట్టాలి. కొత్తగా నాటే ప్రతి వరసలో మేడి, రావి, జువ్వి, నేరేడు ఉండాలి. రోడ్డు పక్క మర్రి వేళ్ళు డ్రైనేజీ పగలగొడతాయంటారు, నిజమే, వాటిని పార్కుల్లో, చెరువు కట్టల కింద, స్మశానాల్లో పెట్టండి. మిగిలిన బండరాళ్ళ గుట్టలకు, లేఅవుట్ పర్మిషన్ ఇచ్చేముందు, రాత్రిపూట ఒక్కసారైనా ఎవరైనా వెళ్ళి అందులోంచి ఏం బయటికొస్తుందో చూసి రాయాలి.

చందానగర్‌లో ఉండే మిత్రులు ఈ నెలలోనే ఒక పని చేయొచ్చు. తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు, మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు. మూడే ప్రశ్నలు. గత అయిదేళ్ళలో మా సర్కిల్లో నాటిన మొక్కల పేర్లు రకాలవారీగా ఇవ్వండి. అదే అయిదేళ్ళలో కొట్టడానికి పర్మిషన్ ఇచ్చిన చెట్ల పేర్లు రకాలవారీగా ఇవ్వండి. వాటిలో మర్రి, రావి, మేడి, జువ్వి ఎన్ని? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబు ఫోటో తీసి కింద పెట్టండి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి అందరం చదువుదాం.